ఊలుబుట్ట: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

వానలు తగ్గి ధనుర్మాసం దగ్గరపడుతోంది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఊలు కొనడం గురించే. మద్రాసులో ఊలుతో ఏం పని అనేవాళ్లకి ఈ ఉత్తరాలే జవాబు. ఒకే ప్రశ్న ఇద్దరు ముగ్గురు అడిగినచోట ఒకరి ఉత్తరమే తీసుకున్నాను.

ప్ర: అమ్మా, నమస్తే. వేళచ్చేరిలో ఉంటాం, నాది ఐటీ ఉద్యోగం. మా మామయ్యగారు మదనపల్లెలో ఉంటారు. ఆయనకి ఫుల్ చేతుల స్వెట్టర్ అల్లుదామని 100 గ్రాముల మెరూన్ ఉండలు నాలుగు కొన్నాను. ముందు భాగం, వెనక భాగం, ఒక చెయ్యి పూర్తయ్యేసరికి ఊలు అయిపోయింది. అదే షాపులో అదే మెరూన్ తెచ్చి రెండో చెయ్యి అల్లితే, ఎండలో తేడా కొడుతోంది. అంతా విప్పేయాలా? ఇంకో సంగతి. రంగు బావుందని కొన్న ఊలు ఇంట్లో రెండు అట్టపెట్టెల నిండా ఉంది. మా అత్తయ్యగారు ఏమీ అనరు, కానీ ఆ పెట్టెల వైపు చూస్తారు.

జ: అంతా విప్పొద్దమ్మా. ఆ స్వెట్టర్‌ని కాపాడుకోవచ్చు.

తేడా ఎందుకొచ్చిందంటే, ఉండకి చుట్టిన కాగితం పట్టీ మీద రెండు నంబర్లుంటాయి. ఒకటి షేడ్ నంబరు, అది రంగుది. రెండోది లాట్ నంబరు, ఆ రంగుని ఏ విడతలో అద్దారో చెప్పేది. ఒకే మెరూన్ అయినా విడతకీ విడతకీ వెంట్రుకవాసి తేడా వస్తుంది. ఉండలు పక్కపక్కన పెడితే ఆ తేడా తెలియదు. అల్లి భుజం దగ్గర కలిపి కుట్టాక మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే ఒక బట్టకి కావలసిన ఊలంతా ఒకే లాట్‌లో, ఒకేసారి కొనాలి. ట్యూబ్‌లైటు కింద రంగు నమ్మొద్దు. ఉండ పట్టుకుని గుమ్మం బయటికొచ్చి చూస్తానంటే ఏ షాపాయనా కాదనడు.

ఇప్పుడు చేతులు రెండూ విప్పండి. ఒంటిభాగం, అంటే ముందు వెనక ముక్కలు, ముట్టుకోవద్దు. విప్పిన ఊలు నూడుల్స్‌లా వంకర్లు తిరిగి ఉంటుంది, దాన్ని అలాగే అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా పడతాయి. రెండు కుర్చీల వీపులకి చుట్టి చిలపలు, అంటే పొడుగు దారపు చుట్టలు, చేయండి. నాలుగుచోట్ల వేరే దారంతో వదులుగా కట్టి గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టండి. పిండకుండా తువ్వాల్లో పెట్టి ఒత్తి నీడన వేలాడదీస్తే వంకర్లు చాలావరకు పోతాయి. తర్వాత రెండు చేతులూ మళ్లీ ఎత్తుకుని, రెండు వరసలు పాత లాటు, రెండు వరసలు కొత్త లాటు మార్చి మార్చి అల్లండి. ప్రతిసారీ ఊలు తెంపకుండా అంచు వెంబడే పైకి తీసుకెళ్లండి. చేతులు రెండూ ఒకేలా వస్తాయి, ఒంటితో కలిసే చోట గీత గీసినట్టు ఉండదు. మెడపట్టీ మాత్రం ముదురు బూడిదరంగులో వేయండి. పెద్దవాళ్లకి మెరూన్ మీద ఆ రంగు హుందాగా ఉంటుంది.

లెక్క కూడా రాసిపెట్టుకోండి. ఛాతీ 40 అంగుళాలుండే మగవాళ్లకి 8 ప్లై అనే మధ్యరకం మందం ఊలుతో ఫుల్ చేతుల స్వెట్టర్‌కి 500 నుంచి 600 గ్రాములు పడుతుంది. చేతుల్లేనిదైతే 300 చుట్టుపక్కల. జడల డిజైన్ వేస్తే ఇంకాస్త. లెక్కకొచ్చినదాని మీద ఒక ఉండ ఎక్కువే తీసుకుని, పట్టీ విప్పకపోతే వెనక్కి తీసుకుంటారా అని కొనేటప్పుడే అడగండి. మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది, తెల్లవారుజామున అక్కడ నిజంగానే వణికిస్తుంది. మామయ్యగారికి మీరు చేస్తున్నది అవసరమైన బట్టే.

అట్టపెట్టెల సంగతికొస్తే, రంగు చూసి ఊలు కొనడం నాకు నచ్చని పద్ధతి. గట్టిగానే చెబుతాను. ఎవరు వేసుకుంటారు, ఏ ఊళ్లో వేసుకుంటారు, ఎవరు ఉతుకుతారు, ఈ మూడూ తేలాకే షాపు మెట్లెక్కాలి. ఒక ఆదివారం ఆ పెట్టెలు కింద బోర్లించి, రంగుల్ని పక్కనపెట్టి మందాన్ని బట్టి విడదీయండి. 4 ప్లై ఒక గుట్ట, 8 ప్లై ఒక గుట్ట, నూలు వేరే. ఒక్కొక్క గుట్టనీ వంటింటి తూకంలో తూచి చీటీ అంటించండి. 200 గ్రాములున్నది షాల్‌కి, 100 ఉన్నది టోపీకి, 50 ఉన్నవి కలిపి చారల మఫ్లర్‌కి. ఆ పని చేసేటప్పుడు అత్తయ్యగారిని పక్కన కూర్చోబెట్టుకుని, మీకేం కావాలత్తయ్యా అని అడగండి. తనకంటూ ఎవరైనా అల్లిపెడతారా అని ఎదురుచూసే పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు.

ప్ర: మా అమ్మాయికి జనవరిలో పురుడు. పెరంబూరులో మా ఇంట్లోనే ఉంటుంది. మొదటి మనవడో మనవరాలో. మా అమ్మ ఊలు స్వెట్టర్, టోపీ, మేజోళ్లు సెట్టు అల్లమంటోంది. అమ్మాయి కాటనే కావాలంటోంది.

జ: శుభం వదినగారూ. ఈసారి అమ్మాయి మాటే వినండి. మనకి జనవరి తెల్లవారుజామున కూడా 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది, మార్చికల్లా ఉక్కపోత. 4 ప్లై మెత్తటి నూలుతో, చేతుల్లేకుండా, ముందువైపు తెరుచుకునే బనీను లాంటిది అల్లండి. నూలుకి సాగే గుణం తక్కువ కాబట్టి తల మీంచి తొడిగే మెడ పెట్టొద్దు. కొలత పుట్టినపాపకి కాకుండా మూడో నెల పాపకి తీసుకోండి. పుట్టిన కొలతకి అల్లింది రెండోసారి తొడిగేలోపే బిగుతవుతుంది.

మెడ దగ్గర రిబ్బను, తాడు, కుచ్చు ఏవీ వద్దు, మెడకి చుట్టుకుంటాయి. బొత్తాం కుట్టాక పట్టుకుని గట్టిగా లాగి చూడండి, ఊడితే తిన్నగా నోట్లోకే వెళ్తుంది. రెండు రంగుల డిజైన్ వేస్తే లోపలివైపు దారాలు వేలాడతాయి, వాటిలో పాప వేళ్లు ఇరుక్కుంటే నెత్తురు ఆగిపోతుంది. పిల్లల బట్టకి ఒకే రంగు, లేదంటే అడ్డచారలు మేలు. టోపీ ఒకటి అల్లండి, బయటికి తీసుకెళ్లేటప్పుడు పెట్టడానికి. ఇంట్లో పడుకోబెట్టేటప్పుడు తీసేయాలి. పసిపిల్లల ఒంట్లో వేడి తల నుంచి బాగా పోతుంది, దాన్ని కప్పి ఉంచితే ఒళ్లు మరీ వేడెక్కుతుంది.

ఇంకొక్కటి, దయచేసి మరిచిపోవద్దు. ఈ బట్టలు దాచేచోట కలరా ఉండలు వేయొద్దు. జి6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టే పిల్లలుంటారు, వాళ్లకి ఆ ఉండల్లో ఉండే నాఫ్తలీన్ తగిలితే రక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి. పుట్టగానే ఎవరికుందో, ఎవరికి లేదో పైకి తెలియదు. మీ అమ్మగారు పాత ట్రంకుపెట్టెలోంచి ముచ్చటపడి తీసే ఊలు బట్టలున్నా, ఉతికి, బాగా గాలికి ఆరేసి, ఆ వాసన పూర్తిగా పోయాకే పాప దగ్గరికి రానివ్వండి.

ప్ర: ఇంటర్నెట్‌లో దొరికిన అమెరికా డిజైన్‌లో 6వ నంబరు సూదులని ఉంది. టి.నగర్‌లో 6వ నంబరే కొన్నాను. టోపీ మా అన్నయ్య తలకి కూడా జారిపోతోంది. కుట్లన్నీ లెక్క ప్రకారమే వేశాను. (కాలేజీ విద్యార్థిని, అన్నానగర్)

జ: లెక్క నీది సరే తల్లీ, తేడా సూదిది. మన షాపుల్లో నడిచేది పాత బ్రిటిష్ నంబర్లు. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికావాళ్లది తలకిందులు, నంబరు పెరిగితే లావు. వాళ్ల 6 అంటే 4 మిల్లీమీటర్లు, అది మన 8వ నంబరు. మన 6వ నంబరు 5 మిల్లీమీటర్లు, అది వాళ్ల 8. ఇకమీద షాపులో మిల్లీమీటర్లే అడుగు. మన నీలగిరుల్లో కేత్తిలో తయారయ్యే పోనీ (Pony) బ్రాండు సూదులు ఊటీ బస్సు దారిలో పుట్టి ఇక్కడికొస్తాయి, ధర కూడా అందుబాటులో ఉంటుంది. వాటిలో 4 మి.మీ.వి తీసుకుని, ముందు నాలుగంగుళాల చదరపు ముక్క అల్లి కుట్లు లెక్కపెట్టి డిజైన్‌లో ఉన్నదానితో సరిచూసుకో, ఆ తర్వాతే టోపీ.

ప్ర: తాంబరం నుంచి బీచ్ స్టేషన్‌కి రోజూ లోకల్ రైల్లో వెళ్లొస్తాను. ఇంటికెళ్తే పిల్లలు, వంట. రైల్లో ఏం అల్లుకోవచ్చు?

జ: మధ్యలో వైరుతో కలిపి ఉండే గుండ్రటి సూదులు కొనుక్కోండి. పొడుగు సూదులైతే మోచేతులు పక్కవాళ్లకి తగులుతాయి, కిందపడితే సీట్ల కిందకి దొర్లిపోతాయి. లెక్క గుర్తుపెట్టుకోవాల్సిన డిజైన్లు ఇంటికి ఉంచి, రైల్లో అంతా ప్లెయిన్ (మామూలు తిన్నటి) కుట్టు ఉండే మఫ్లరో, నూలుతో గిన్నెలు తుడిచే గుడ్డో పెట్టుకోండి. స్టేషన్ వస్తోందంటే వరస పూర్తిచేసే ఆపండి. మధ్యలో ఆపితే కుట్లు జారేది అక్కడే. సైదాపేట, మాంబళం మధ్య నిలబడటానికే చోటుండదు, అప్పుడు సంచిలో పెట్టేయండి.

ప్ర: అమ్మగారూ, నేను ఐ.సి.ఎఫ్. రైలుపెట్టెల ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను, అయనావరంలో ఉంటాను. అల్లిక నేర్చుకోవాలని ఉంది. ఆడవాళ్ల పని మీకెందుకని ఇంట్లో నవ్వుతున్నారు. నేర్చుకోగలనా?

జ: తప్పకుండా నేర్చుకోగలరు అన్నయ్యగారూ. నాకంటే మీకే తొందరగా వస్తుందని నా నమ్మకం. కొలత, లెక్క, రెండువైపులా ఒకేలా రావాలన్న పట్టుదల, ఇవన్నీ మీ చేతికి ఎప్పుడో వచ్చేశాయి.

ఇది ఆడవాళ్ల పనే అని ఎవరన్నారు? పెరూ దేశంలో టిటికాకా సరస్సులో తకీలే అనే దీవి ఉంది. అక్కడ సూదులతో అల్లేది మగవాళ్లే, చిన్నప్పుడే నేర్చుకుంటారు. మగవాడు పెట్టుకున్న అల్లిక టోపీని చూసి పెళ్లయిందో లేదో చెబుతారు. ఆ దీవి నేత, అల్లికల్ని 2005లో యునెస్కో మానవాళి మౌఖిక, అమూర్త వారసత్వ కళాఖండాల్లో ఒకటిగా గుర్తించింది. అల్లిక యంత్రాన్ని కనిపెట్టింది కూడా విలియం లీ అనే ఇంగ్లండు మతగురువు, 1589లో. మేజోళ్లు అల్లే ఆ యంత్రం కథ మీలాంటి ఫిట్టర్‌కి తప్పక నచ్చుతుంది. అంత దూరం ఎందుకు, నేను పెరిగిన ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో మా పక్కింటి గార్డుగారు డ్యూటీ లేనిరోజు అరుగు మీద కూర్చుని మేజోళ్లు అల్లేవారు. మేజోడుకి మడమ దగ్గర వంపు తిప్పడం నేను ఆయన దగ్గరే చూసి నేర్చుకున్నాను.

మొదలుపెట్టడానికి 8 ప్లై ఊలు, లేతరంగుది. నలుపు, నేవీ బ్లూ మొదట్లో వద్దు, సాయంత్రం వెలుగులో కుట్టు కనపడదు. మన ఊళ్లో చేతులకి చెమటెక్కువ, ఉక్కు సూదులు జారతాయి, అందుకని 4 మి.మీ. వెదురు సూదులు తీసుకోండి. 30 కుట్లు ఎక్కించి, అరచేతి వెడల్పు వచ్చేదాకా అంతా ప్లెయిన్. ఆ తర్వాత పర్ల్, అంటే ఉల్టా కుట్టు. అంచులు తిన్నగా వచ్చాక మఫ్లర్ ఎత్తుకోండి. నవ్వినవాళ్లే మొదటి మఫ్లర్ అడుగుతారు.

ప్ర: చెన్నైలో ఊలు ఎక్కడ దొరుకుతుంది? ఒక షాపులో ప్యూర్ వుల్ అని అమ్మారు, ఇంటికొచ్చి ఇస్త్రీ పెడితే అంటుకుపోయి మెరుస్తోంది. ఎలా గుర్తుపట్టాలి?

జ: హైకోర్టు మెట్రో స్టేషన్‌లో దిగి ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు దాటితే పాత టోకు బజారు వీధులే. గోడౌన్ స్ట్రీటు చుట్టుపక్కల లైనింగు గుడ్డ, జిప్పులు, బొత్తాలు అమ్మే టైలరింగ్ సామాన్ల కొట్లలో ఊలు అడగండి, బల్ల మీద లేకపోయినా అటక మీంచి దించుతారు. మధ్యాహ్నం పూట వెళ్తే సావకాశంగా చూపిస్తారు. ఆ వీధుల్లో తెలుగు మాట్లాడే కొట్లవాళ్లకి కొదవ లేదు.

మీ ఊలు అంటుకుపోయిందంటే అది యాక్రిలిక్, అంటే కృత్రిమ దారమే అయ్యుంటుంది. మీ చేతికిచ్చింది ఒకటి, చెప్పింది ఒకటి, వెనక్కి తీసుకెళ్లి అడగండి. కాష్మిలాన్ అని అమ్మేదీ యాక్రిలిక్కే, కాశ్మీరు ఊలుతో దానికి సంబంధం లేదు. యాక్రిలిక్ చెడ్డదని నేననను. ఉతకడం తేలిక, పురుగు పట్టదు, హాస్టల్ పిల్లలకి అదే మంచిది. కానీ ఊలు ధర పెట్టి దాన్ని కొనకూడదు.

పరీక్ష ఇలా చేయండి. రెండంగుళాల ముక్క తీసి చిన్న పటకారుతో పట్టుకోండి. నీళ్లు పోసిన స్టీలు పళ్లెం మీదుగా, కిటికీ తెరకి దూరంగా ఉండి అగ్గిపుల్ల అంటించండి. అసలు ఊలైతే మెల్లగా కాలి దానంతటదే ఆరుతుంది, వెంట్రుకలు కాలిన వాసన, వేళ్లతో నలిపితే బూడిద పొడి అయిపోతుంది. నూలైతే కాగితం కాలిన వాసన. యాక్రిలిక్కైతే కరిగి బొట్టుకట్టి, చల్లారాక నల్లటి పూసలా గట్టిపడుతుంది. వెంట్రుకల వాసనా, గట్టి పూసా రెండూ కనబడితే అది మిశ్రమం. ముక్క తెంపడం కుదరని రెడీమేడ్ బట్టైతే ఊల్‌మార్క్ ముద్ర కోసం చూడండి, 1964 నుంచి ఉన్న గుర్తు అది.

ఒకావిడ మా నెల్లూరు గొర్రె ఊలు ఎందుకు అమ్మరని రాశారు. నెల్లూరు గొర్రెకి ఊలుండదమ్మా, ఒంటి మీద ఉండేది పొట్టి వెంట్రుకే. మన గొంగళ్లకి వాడేది దక్కనీ గొర్రె ఊలు. వానకీ చలికీ దానికి సాటి లేదు, కానీ మెడకి గుచ్చుకుంటుంది, స్వెట్టర్‌కి నప్పదు.

ప్ర: మా అమ్మ పోయి రెండేళ్లయింది. ఆవిడ తన కోసం అల్లుకున్న గంధం రంగు ఊలు కార్డిగన్ మొన్న బీరువాలోంచి తీస్తే వెనకవైపు మూడు చిల్లులు. ఒకటి రూపాయి బిళ్లంత ఉంది. బాగుచేయవచ్చా?

జ: బాగవుతుంది. తొందరపడి సూది పెట్టకండి, అంతే.

చిల్లులు చేసింది చిమ్మట పిల్లపురుగు. ఇంకా గుడ్లు ఉండి ఉండొచ్చు. కార్డిగన్‌ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి గాలి తీసేసి ఫ్రిజ్ పైఅరలో, మంచు గట్టిపడేచోట వారం ఉంచండి. తర్వాత బయట పెట్టి, సంచి మీది తేమ ఆరాకే విప్పి, మెత్తటి బ్రష్‌తో అతుకుల వెంబడి దులపండి. చల్లటి నీళ్లు, కొంచెం షాంపూ, రుద్దడం లేదు, పిండడం లేదు. వేడినీళ్లలో రుద్దితే ఊలు కుంచించుకుపోయి దళసరి అట్టలా అవుతుంది, ఇక దాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. తువ్వాలు పరిచి దాని మీద ఆరబెట్టండి, తీగ మీద వేస్తే నీళ్ల బరువుకి సాగిపోతుంది.

చిల్లు చుట్టూ తెగి వేలాడే కొసల్ని కత్తిరించకండి. తెరుచుకున్న కుట్లన్నిటినీ వేరే రంగు కుట్టుదారంలో గుచ్చి ఆపండి, ఇక జారవు. ఇప్పుడు లోపలివైపు పక్క అతుకుల దగ్గర చూడండి. ఆ తరంవాళ్లు ఉండ మార్చినప్పుడు జానెడు కొస వదిలి లోపలికి దోపేవాళ్లు. అది అమ్మ వాడిన ఊలే, అదే లాటు. వాటితో చిన్న చిల్లులు రెండూ మూసేయవచ్చు. పెద్దదానికి చాలకపోతే రంగు కలవని ఊలుతో కలిసినట్టు చేయబోకండి. ముదురు గోధుమరంగు తీసుకుని చిల్లుకి అడ్డంగా దారాలు పరిచి, వాటి మీద కింద నుంచి పైకి కుట్టు ఆకారంలోనే సూదితో నింపుకుంటూ రండి. ముందు ఏదైనా పాత స్వెట్టర్ మీద ఒకసారి చేసి చూసుకోండి. ధైర్యం చాలకపోతే నాకు ఫోటో పంపండి, వరసవరసా చెబుతాను.

ఇక దాచేటప్పుడు ఉతకని బట్ట బీరువాలోకి వెళ్లకూడదు. చిమ్మటకి చెమట, నూనె మరకలే విందు. వేపాకు వేయండి, మంచిదే, కానీ మురికిబట్టని వేపాకు కాపాడలేదు. పాత కాటన్ దిండుగలీబులో పెట్టి, రెండు నెలలకోసారి తీసి ఎండచూపించండి.

ప్ర: కోడంబాక్కంలో మా అపార్ట్‌మెంటువాళ్లు నా చేత స్వెట్టర్లు, షాళ్లు అల్లించుకుంటున్నారు. ఊలు డబ్బులిచ్చి, నువ్వు టీవీ చూస్తూ చేసేదేగా అంటారు. కూలి అడగాలంటే మొహమాటం.

జ: అడగాలి చెల్లీ. ఈ మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది. నలభై యాభై గంటలు వంచిన మెడకీ, నొప్పెట్టిన మణికట్టుకీ ఖరీదు లేదా? మధ్యరకం వేగంతో అల్లేవాళ్లకి పెద్దవాళ్ల స్వెట్టర్‌కి అంత సమయం పడుతుంది. ఇంటి మనిషికి ఇష్టంతో ఇచ్చేది వేరు, బయటివాళ్లు పురమాయించిన పని వేరు. రెండూ కలిపేయడం వల్లే మన అల్లికకి విలువ లేకుండా పోతోంది.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకో. ఈసారి అల్లేటప్పుడు మొదలుపెట్టిన టైమూ ఆపిన టైమూ రాసుకో. మీ వీధిలో జాకెట్టు కుట్టే ఆవిడకి గంటకి ఎంత గిడుతుందో కనుక్కుని, దానికి తగ్గకుండా నీ గంటకి లెక్క కట్టు. ఊలు ధర, బొత్తాలు, ఆటో ఖర్చు వేరుగా వేయి. ఎవరైనా అడగ్గానే నోటితో చెప్పకుండా కాగితం మీద రాసివ్వు, మొహమాటం సగం తగ్గుతుంది. ఊలు డబ్బు ముందే తీసుకో, కొలతలు నీ టేపుతో నువ్వే తీసుకో, ఇచ్చే తేదీకి వారం అదనంగా చెప్పు. స్వెట్టర్ ధర విని వెనక్కి తగ్గినవాళ్లకి టోపీయో మఫ్లరో చెప్పు, ఊలు ధరకి మాత్రం స్వెట్టర్ ఒప్పుకోకు. మొదటి కాగితం రాశాక వాళ్లేమన్నారో నాకు రాయి.